పేలదని రాసిస్తావా అమ్మీ?

మొన్న కనుమ నాడు గారెలు తింటూ మా చిన్నాన్న అడిగాడు.

“ఏటమ్మీ, నువ్వా యురేనియం మీదే గదా ఇన్నేళ్ళూ సదివినావు. అది పేల్దని ఓ కాగితమ్మీద రాసిస్తావేటి? మీ పిన్నికి సూపిస్తాను. టీవీలో కొవ్వాడ పేరు ఇనపడితే సాలు, దానికా రాత్రి నిద్ర నేదు.”

వేళాకోళానికే అడిగాడు. అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వేసి, ఇంకో గారె వేసుకుని, మామిడి పూత ఈ ఏడు ఎలా ఉందని మాట మార్చేశాను. మార్చానే గానీ ఆ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా నా పని అణు ఇంధనం లోపల ఏం జరుగుతుందో కంప్యూటర్లో లెక్క కట్టడం. ఈ ప్రశ్న మా చిన్నాన్న నన్ను కాక ఇంకెవర్ని అడుగుతాడు?

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరు రణస్థలం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. కొవ్వాడ మాకు దూరమేం కాదు. అక్కడ ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఏపీ1000 అనే రకం అణు రియాక్టర్లు ఆరు కడతామని చెబుతున్నారు. మొదట ఒక అమెరికా కంపెనీ రియాక్టర్లన్నారు, తర్వాత ఇంకో అమెరికా కంపెనీవన్నారు, ఆ రెండో కంపెనీ 2017లో దివాలా పిటిషన్ వేసి మళ్ళీ లేచింది. పదిహేనేళ్ళు దాటింది, రియాక్టర్ లేదు, మాట మాత్రం నడుస్తూనే ఉంది. సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ ప్లాంట్ల గొడవల్లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయిన జిల్లా ఇది. ఇక్కడ ‘ప్రాజెక్టు’ అన్న మాటని ఎవరూ తేలిగ్గా వినరు. ముందే చెప్పేస్తాను, నేను అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కాను. అలా అయ్యుంటే ఈ వ్యాసం రాయడం చాలా సులువయ్యేది.

మా చుట్టాల్లో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ ఒకరికి సాఫ్ట్‌వేర్ అని, ఒకరికి సైంటిస్టు అని, ఎవరికి ఏది గొప్పయితే అది చెప్పేది. రెండూ అబద్ధం కాదు. శ్రీకాకుళంలో డిగ్రీ, వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్, తర్వాత యూరప్‌లో పీహెచ్‌డీ, అక్కడే ఓ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు, ఇప్పుడు వెనక్కొచ్చి ఇక్కడ. ఈ మొత్తంలో రియాక్టర్ లోపలికి నేను అడుగు పెట్టింది రెండుసార్లే, అదీ సందర్శకురాలిగా. మిగతా కాలమంతా నల్లటి టెర్మినల్ ముందే.

రియాక్టర్‌లో ఇంధనంగా పెట్టే యురేనియం ఆక్సైడ్ పెల్లెట్‌ని, అంటే చిన్న బిళ్ళని, కళ్ళతో చూసింది కూడా దాని మీద తొమ్మిదేళ్ళు లెక్కలు కట్టాకే. నల్లగా, నున్నగా, చిటికెన వేలి చివరి కణుపంత ఉంది. గ్లవ్స్ వేసిన చేతిలో పెట్టారు. ఇంతేనా అనిపించింది. కానీ ఆ సైజుకి ఉండాల్సిన బరువు కాదది, అర తులం ఉంటుంది. ఇంత ముక్క రియాక్టర్‌లో ఉన్నన్నాళ్ళూ ఇచ్చే వేడి దాదాపు ఒక టన్ను బొగ్గు ఇచ్చే వేడికి సమానం. మనం ఏ బొగ్గు ప్లాంట్ల కోసం కొట్టుకున్నామో ఆ బొగ్గు. అది వాడని పెల్లెట్ కాబట్టి చేతిలో పెట్టారు. రియాక్టర్‌లోకి వెళ్ళొచ్చిన దాన్ని మనిషి దగ్గరికి పోయి ముట్టుకోడు. మీటరు మందం గోడకి ఇవతల నిలబడి, సీసం కలిపిన గాజు కిటికీలోంచి చూస్తూ, మరచేతులతో పట్టుకుని, కోసి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆ గదిని హాట్ సెల్ అంటారు. నేను చెప్పదలుచుకున్నదంతా చివరికి ఆ గది దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు పెల్లెట్ లోపలికి. జిర్కోనియం గొట్టంలో ఇలాంటి పెల్లెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, గొట్టం బయట నీళ్ళు. నడుస్తున్నప్పుడు పెల్లెట్ నడిమధ్యలో వెయ్యి డిగ్రీలు దాటుతుంది, అంచు దగ్గర నాలుగైదు వందలు. ఈ తేడా అంతా అర సెంటీమీటరు లోపే. యురేనియం ఆక్సైడ్ పింగాణీ లాంటి పదార్థం, వేడిని సరిగా పోనివ్వదు. చల్లటి గాజు గ్లాసులో ఉడుకు గంజి పోస్తే టప్‌మంటుంది చూడండి, పెల్లెట్ కూడా మొదటిసారి పవర్ ఎక్కించిన రోజే అంచుల నుంచి మధ్యకి పగుళ్ళు తీస్తుంది. పగలడం లోపం కాదు, పగులుతుందని తెలిసే డిజైన్ చేస్తారు.

ఒక్కో యురేనియం పరమాణువు విడిపోయినప్పుడు రెండు ముక్కలు మహా వేగంతో ఎదురుబొదురుగా దూసుకుపోతాయి, వెంట్రుక మందంలో పదో వంతు దూరం పోయేసరికి ఆగిపోతాయి. ఆ దారి పొడవునా పరమాణువులు చెల్లాచెదురు. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే పెల్లెట్‌లోని ప్రతి పరమాణువూ తన చోటు నుంచి వందల సార్లు తన్నుకుని లేచిపోతుంది. అయినా ఆ స్ఫటికం స్ఫటికంగానే మిగులుతుంది! చాలా పదార్థాలు ఇంత దెబ్బ తింటే గాజులా కలగాపులగమైపోతాయి, ఇది మాత్రం చెదిరిన వాళ్ళని చెదిరినట్టే వెనక్కి పిలుచుకుంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఒక్క సంగతి నన్ను ఆశ్చర్యపరుస్తుంది, ఈ రంగంలో ఉండిపోవడానికి సగం కారణం ఇదే.

విడిపోయిన ముక్కల్లో కొన్ని జినాన్ అనే వాయువు అవుతాయి. జినాన్‌కి ఆ స్ఫటికంలో చోటు లేదు, ఎవరితోనూ కలవదు. తిరిగి తిరిగి తన లాంటి వాళ్ళని వెతుక్కుని బుడగ అవుతుంది, పెనం మీద అట్టు పోసినప్పుడు లేచే బుడగల్లా, కాకపోతే నానోమీటర్ల సైజులో. బుడగలు పెరిగితే పెల్లెట్ ఉబ్బుతుంది, గొట్టాన్ని లోపల నుంచి నెడుతుంది. బయటికి తప్పించుకున్న జినాన్ గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది. పైగా జినాన్ వేడిని మోయడంలో మహా బద్ధకస్తురాలు, గొట్టానికీ పెల్లెట్‌కీ మధ్య సందులో అది చేరితే పెల్లెట్ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకొంచెం జినాన్ తప్పించుకుంటుంది. గొట్టం చిట్లకుండా ఇంధనాన్ని ఎంత కాలం లోపల ఉంచొచ్చు అన్న ప్రశ్నలో ఈ జినాన్ ఎంత తొందరగా కదులుతుందన్నది పెద్ద ముక్క. నేను పదేళ్ళు దాని వెనకాలే తిరిగాను. మా అమ్మ అంటుండేది, మనుషుల వెనక ఇలా తిరిగుంటే ఎప్పుడో ఓ ఇంటిదానివి అయ్యేదానివని.

ఇదంతా కంప్యూటర్లో ఎలా కడతారు? ఒక్క మెట్టుతో కాదు. కింది మెట్టులో ఎలక్ట్రాన్ల లెక్క, క్వాంటమ్ మెకానిక్స్‌తో, వంద పరమాణువులకి చేసేసరికే కంప్యూటర్లన్నీ కలిపి కట్టిన క్లస్టర్ మూలుగుతుంది. దాని పైన మాలిక్యులర్ డైనమిక్స్, అంటే పరమాణువుల్ని గోళీల్లా అనుకుని ఒకదాన్నొకటి ఎంత బలంతో లాగుతుందో, నెడుతుందో చెప్పి వదిలేయడం. ఇందులో కోట్ల పరమాణువుల్ని పెట్టొచ్చు, కానీ ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకను, అంటే సెకనులో పది కోట్ల కోట్లో వంతు. ఇంధనం రియాక్టర్‌లో ఉండేది నాలుగైదేళ్ళు. అన్నేళ్ళని ఫెమ్టోసెకన్లలో రాస్తే 1 పక్కన 23 సున్నాలు. ఎవడి వల్లా కాదు. అందుకే మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ, కింద నుంచి రెండు మూడు అంకెలు తీసి పైమెట్టుకి అందిస్తూ, చివరికి పెల్లెట్లు నింపిన మొత్తం కడ్డీ ఎలా ఉబ్బుతుందో చెప్పే ప్రోగ్రాం దాకా వెళ్తాం. కింద మెట్టులో వేలెడు తప్పు జరిగితే పైన ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. నేను ఊహించుకోనక్కర్లేదు, నా చేత్తోనే చేశాను.

యురేనియం ఆక్సైడ్ విద్యుత్తుని పోనివ్వదు, ఇది ఎప్పుడో కొలిచి తేల్చిన సంగతి. కానీ ఆ కింది మెట్టు ఎలక్ట్రాన్ల లెక్కని, డీఎఫ్‌టీ అంటారు దాన్ని, మామూలుగా చేస్తే అది లోహం అంటుంది. రాగి లాగా, ఇనుము లాగా లోహం! యురేనియంలోని ఎఫ్-ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా తోసుకుని ఎక్కడివక్కడ పాతుకుపోతాయి, మామూలు లెక్కకి ఆ తోపులాట అందదు. దానికొక మందుంది. ‘ప్లస్ యూ’ అని, ఆ తోపులాటని చేత్తో కలుపుతారు, నాలుగు ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల దగ్గర శక్తిని కొలిచే కొలమానం) ప్రాంతంలో. అప్పుడు జవాబు దారిలోకి వస్తుంది. ఈ మందుకి ఓ చెడ్డ గుణం, ఎలక్ట్రాన్లు ఏ గదుల్లో కూర్చోవాలన్న దానికి చాలా ఏర్పాట్లు కుదురుతాయి, లెక్క అందులో ఏదో ఒక దాంట్లో ఇరుక్కుని ‘అయిపోయింది, ఇదే జవాబు’ అని చెప్పేస్తుంది. నిజానికి దానికంటే కింద ఇంకో జవాబు ఉంటుంది.

పీహెచ్‌డీ మూడో ఏడు. జినాన్‌ని స్ఫటికంలో పెట్టడానికి ఎంత శక్తి కావాలో లెక్క కట్టాను. వచ్చిన అంకె పాత ప్రయోగాలతో చక్కగా సరిపోయింది. మా గైడు సంతోషించాడు, నేను ఇంటికి ఫోన్ చేసి మా నాన్నకి చెప్పాను (ఆయనకి అర్థమైంది నా గొంతులో సంతోషం ఒక్కటే, చాలు). పేపరు సగం రాశాక, పాత క్లస్టర్ మరమ్మతులో ఉందని అదే ఇన్‌పుట్ ఫైలుని ఇంకో క్లస్టర్‌లో వేశాను. అక్షరం మార్చలేదు. శక్తి మాత్రం వేరే వచ్చింది, ఎక్కడో ఆరో దశాంశంలో కాదు, మొదటి దశాంశంలోనే. రాత్రి పదకొండు గంటలకి రెండు అవుట్‌పుట్ ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని, ఏది నిజమో తెలియక, టీ చల్లారిపోయేదాకా అలా కూర్చున్నాను. తేలిందేమిటంటే నేను దేనితో పోల్చి తీసివేత చేస్తున్నానో ఆ శుద్ధమైన స్ఫటికం లెక్కే తప్పు గదిలో ఇరుక్కుని ఉంది. దాని మీద కట్టినవన్నీ పోయాయి. ఎనిమిది నెలల పని.

బాధ పని పోయినందుకు కాదు. ఆ తప్పుడు అంకె ప్రయోగంతో సరిపోయింది! సరిపోయింది కాబట్టే ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఎందుకు సరిపోయిందో తర్వాత చూస్తే ఇంకా సిగ్గేసింది. యురేనియం ఆక్సైడ్‌లో జినాన్ కదలిక మీద పాత కొలతలు ఒకదానికొకటి పది రెట్లు, వంద రెట్లు, కొన్నిచోట్ల అంతకు మించి తేడాగా ఉన్నాయి. గోల్‌పోస్టుల మధ్య అంత ఖాళీ ఉంటే ఎలా తన్నినా గోలే.

మా రంగంలో ఎవరూ పైకి అనని మాట ఒకటుంది, ఇక్కడ అనేస్తాను. ఇంధనం విషయంలో మనకి ఇప్పుడు తక్కువైంది కంప్యూటర్ కాదు, కొలత. రియాక్టర్‌లోకి వెళ్ళొచ్చిన ఇంధనాన్ని కోసి చూసే హాట్ సెల్ తక్కువ, అందులో నేర్పుగా పనిచేసే చేతులు ఇంకా తక్కువ. డబ్బూ, ఉద్యోగాలూ, పేరూ మాత్రం మోడలింగ్ వైపు పోతున్నాయి. ఇందులో నేను లాభపడ్డ దాన్నే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. ఇంటర్వ్యూల్లో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది పరమాణువులు రంగురంగులుగా ఎగిరిపడే ఇరవై సెకన్ల వీడియో. ఆ వీడియోలో ఉన్నది కొన్ని పికోసెకన్ల (ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకన్లు) ముచ్చట, చెదిరిన వాటిలో చాలా మటుకు వెంటనే సర్దుకుంటాయి. చూసేవాళ్ళకి మాత్రం రియాక్టర్ మొత్తం నా ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు అనిపిస్తుంది. నేనూ ఆ భ్రమని పనిగట్టుకుని చెరపలేదు.

ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ వచ్చింది. క్వాంటమ్ లెక్కలు చూపించి నేర్పిస్తే పరమాణువుల మధ్య బలాల్ని అదే పట్టేస్తుంది, లక్షల పరమాణువులకి దాదాపు క్వాంటమ్ నాణ్యతతో నడిపించొచ్చు. బాగుంది, నేనూ వాడుతున్నాను, వద్దనడానికి నాకేం పిచ్చా? కానీ దానికి చదువు చెప్పే పంతులు అదే డీఎఫ్‌టీ. పంతులే తప్పు గదిలో ఇరుక్కుంటే శిష్యుడు ఆ తప్పునే వెయ్యి రెట్లు వేగంగా అప్పజెబుతాడు.

మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. కల్పాక్కంలో ఎఫ్‌బీటీఆర్ అని చిన్న ఫాస్ట్ రియాక్టర్ (న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిచే రకం), 1985 అక్టోబరులో మొదలైంది. దానికి ప్లుటోనియం ఎక్కువగా ఉన్న మిశ్రమ కార్బైడ్ ఇంధనం వాడారు. ఆ పాళ్ళలో ఎవరూ అంతకుముందు రియాక్టర్ నడిపే ఇంధనంగా వాడింది లేదు, అంటే నమ్ముకోడానికి పాత లెక్క కూడా లేదు. వాళ్ళేం చేశారు? తక్కువ హద్దుతో మొదలుపెట్టి, టన్ను ఇంధనం 25 గిగావాట్ రోజుల వేడి ఇచ్చాక కొన్ని కడ్డీలు బయటికి తీసి హాట్ సెల్‌లో కోసి చూశారు. బాగుంది అన్నాక 50. మళ్ళీ కోసి చూశారు. 100. అలా అలా 165 దాకా వెళ్ళారు. మధ్యలో లెక్కలు కట్టిన వాళ్ళు లేరని కాదు, ఉన్నారు, ఎంత ఉబ్బుతుందో ముందే అంచనా చెప్పిన వాళ్ళూ ఉన్నారు. కానీ హద్దు పెంచిన ప్రతిసారీ ఆఖరి మాట చెప్పింది రంపం.

1967లో ఇంకోటి. స్కాట్లండ్‌లోని డూన్‌రేలో కాథార్న్, ఫుల్టన్ అనే ఇద్దరు ఫాస్ట్ రియాక్టర్‌లో ఉండొచ్చిన స్టీలుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే దాని నిండా బోలు గదులు కనిపించాయి. స్టీలు లోపలే పొంగిపోతోంది. ప్రపంచంలోని ఫాస్ట్ రియాక్టర్ల డిజైన్లన్నీ ఆ ఒక్క ఫోటోతో మళ్ళీ గీసుకోవాల్సి వచ్చింది. చూశాకే థియరీలు వరస కట్టాయి.

అయితే లెక్క ముందే కనిపెట్టిన సందర్భం లేదా అంటే ఉంది, అది దాచడం న్యాయం కాదు. 1942లో విగ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త, పెద్ద రియాక్టర్లు ఇంకా మొదలు కాకముందే, న్యూట్రాన్లు రియాక్టర్‌లో పేర్చే గ్రాఫైట్‌లో పరమాణువుల్ని కదిలించి ఇబ్బంది తెస్తాయని కాగితం మీదే చెప్పాడు. నిజమైంది. అలా గ్రాఫైట్‌లో పేరుకున్న శక్తిని మెల్లగా బయటికి వదిలించే పనిలో ఉండగానే 1957లో ఇంగ్లండ్‌లో విండ్‌స్కేల్ రియాక్టర్ తగలబడింది. సమస్య ఉందని విగ్నర్ లెక్క చెప్పింది. ఆ రోజు ఆ మూలన వేడి ఎంత ఉందో చెప్పే థర్మామీటర్ సరైన చోట లేకపోయింది.

నా పాత సహోద్యోగి ఒకడు ఈ వాదన వింటే మండిపడతాడు. “కొత్త ఇంధనానికి అనుమతి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతోంది, ఈలోగా బొగ్గు తగలబెడుతూ కూర్చుందామా?” అంటాడు. వాడి మాటలో బలముంది. జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత, వేడెక్కినప్పుడు ఆవిరి తగిలితే హైడ్రోజన్ తొందరగా వదలని గొట్టాలు కావాలని అందరూ అన్నారు, క్రోమియం పూత పూసినవి పరీక్షల దాకా రావడానికే ఏళ్ళు పట్టింది. వంద రకాల మిశ్రమ లోహాల్లో తొంభై పనికిరావని కంప్యూటర్ చెబితే మిగిలిన పదినే రియాక్టర్‌లో పెడతాం, అది తక్కువ లాభమా? కాదు. నేను ఒప్పుకునేది అంతవరకే. ఏ ముక్క కోసి చూడాలో మోడల్ చెప్పాలి. కోయడం మానేయొచ్చని చెప్పకూడదు. కానీ జరుగుతున్నది అదే. నార్వేలో హాల్డెన్ రియాక్టర్ దాదాపు అరవై ఏళ్ళ పాటు ప్రపంచానికంతా ఇంధనం మీద కొలతలు ఇచ్చింది, మేమంతా మా ప్రోగ్రాముల్ని సరిచూసుకునేది ఆ కొలతలతోనే. 2018లో మూసేశారు. ఆ ఏడు ఒక కాన్ఫరెన్సులో దాని గురించి రెండు నిమిషాలు విచారం ప్రకటించి, తర్వాత మూడు రోజులూ ‘డిజిటల్ ట్విన్’ గురించి, అంటే అసలు రియాక్టర్‌కి కంప్యూటర్లో కట్టే కవల గురించి, మాట్లాడుకున్నాం. ఎదురుగా నిలబెట్టి చూసుకునే మనిషి పోయాక ట్విన్ దేనికి ట్విన్?

తుపాను లెక్కలు చూడండి. తిత్లీ గోపాలపూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందన్నారు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. ఒకప్పుడు వాతావరణ వార్తల మీద జోకులేసుకున్న మనం ఇప్పుడు ఫోన్లో మెసేజ్ వస్తే పడవలు పైకి లాగుతున్నాం. కంప్యూటర్ పెద్దదైనందుకే కాదు, ఆ మోడల్ రోజుకో పరీక్ష రాస్తుంది, ఉపగ్రహాలూ, బెలూన్లూ, రాడార్లూ పొద్దునే పేపరు దిద్ది ఇచ్చేస్తాయి. నా మోడల్‌కి పరీక్ష పదేళ్ళకోసారి, అదీ పేపరు దిద్దే మాస్టారు రిటైరైపోతుండగా.

ఇక ఫ్యూజన్, అంటే పరమాణువుల్ని విడగొట్టి కాక, తేలికవాటిని కలిపి వేడి పుట్టించడం. ఏడేళ్ళుగా నేను సగం కాలం టంగ్‌స్టన్ మీద పనిచేస్తున్నాను. ఎక్కడ ఉపన్యాసం ఇవ్వమన్నా “భూమ్మీద సూర్యుణ్ణి దింపుతున్న శాస్త్రవేత్త” అని పరిచయం చేస్తారు, శ్రీకాకుళంలో అయితే వెంటనే అరసవల్లి సూర్యదేవుడి ప్రస్తావన తప్పదు. దేవుడి మీద భక్తి నాకూ ఉంది, రథసప్తమికి క్యూలో నిలబడ్డ దాన్నే. కానీ ఆ పోలిక తప్పు. సూర్యుడి నడిగర్భంలో కూడా ఒక ఘనపు మీటరుకి పుట్టే వేడి దాదాపు 270 వాట్లు, అంటే మన పెరట్లో పెంటకుప్ప లోపల పుట్టేంత. మనిషి ఒళ్ళు అంతకంటే నాలుగైదు రెట్లు నయం. సూర్యుడి గొప్పతనం సైజుదీ, ఓపికదీ. మనకి ఆ రెండూ లేవు కాబట్టి భూమ్మీద కట్టేది సూర్యుడి కంటే చాలా మొండిగా, చాలా గట్టిగా మండాలి. చాలా దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటెర్ అనే ఫ్యూజన్ రియాక్టర్‌లో డైవర్టర్ అనే భాగం చదరపు మీటరుకి పది మెగావాట్ల వేడి తట్టుకోవాలి. వైశాఖం మిట్టమధ్యాహ్నం అరసవల్లి మండపం బండ మీద పడే ఎండకి పది వేల రెట్లు. అందుకే టంగ్‌స్టన్, 3422 డిగ్రీల దాకా కరగదు.

కరగదు గానీ వేరే జబ్బులున్నాయి. ఫ్యూజన్‌లో పుట్టే న్యూట్రాన్ 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులతో వస్తుంది, మామూలు రియాక్టర్ న్యూట్రాన్లు దీని ముందు పిల్లకాయలు. అది టంగ్‌స్టన్‌ని కొట్టి కొట్టి కొంత రీనియం అనే ఇంకో లోహంగా మార్చేస్తుంది, ముందే పెళుసుగా ఉండే లోహం ఇంకా పెళుసవుతుంది. పైనుంచి హీలియం దూరుతుంది. నా సిమ్యులేషన్లలో హీలియం పరమాణువులు కొన్ని ఒకచోట చేరి, చోటు చాలక, ఒక టంగ్‌స్టన్ పరమాణువుని దాని సీటులోంచి లేపేసి ఆ ఖాళీలో సర్దుకుంటాయి. పండగ ముందు రోజు కాంప్లెక్సులో బస్సెక్కిన వాళ్ళకి ఈ భౌతికశాస్త్రం వేరే చెప్పక్కర్లేదు.

నా వాదన ఇక్కడే నాకే ఎదురు తిరుగుతుంది. 14.1 శక్తితో, ఒక పవర్ ప్లాంటులో ఏళ్ళ తరబడి తగిలేంత మోతాదులో న్యూట్రాన్లు ఇచ్చే పరీక్షా కేంద్రం ప్రపంచంలో ఇప్పటిదాకా లేదు. స్పెయిన్‌లో గ్రనడా దగ్గర ఒకటి కడుతున్నారు. ఇటెర్ కూడా 2024లో మార్చిన ప్రణాళిక ప్రకారం అసలైన ఫ్యూజన్ ఇంధనం, డ్యుటీరియం-ట్రిటియం, మండించేది 2039లో. అంటే కోసి చూద్దామంటే ముక్కే లేదు. ఇక్కడ మోడల్ తప్ప దారి లేదని నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, నా ఫ్యూజన్ పేపర్లలో ఎర్రర్ బార్లు (అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీతలు) నా ఇంధనం పేపర్ల కంటే చిన్నవిగా ఉండటం చూసినప్పుడల్లా నాకే నవ్వొస్తుంది. తప్పని చెప్పేవాళ్ళు లేనిచోట ధైర్యం ఎక్కువ.

ముక్కనుమ నాడు పొద్దున్నే చిన్నాన్న దగ్గరికి నేనే వెళ్ళాను. పిన్ని చోడి అంబలి ఇచ్చింది. కాగితం సంగతి ఎత్తాను.

“చిన్నాన్నా, బాంబులా పేలదు. అది రాసిస్తాను. ఇందులో ఉండేది అయిదు శాతం లోపు శుద్ధి చేసిన యురేనియం, బాంబుకి తొంభై కావాలి. భయం అది కాదు. రియాక్టర్ ఆపేశాక కూడా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, పొయ్యిలో కట్టె లాగేసినా నిప్పులున్నట్టు. ఆపిన క్షణంలో రెండొందల మెగావాట్ల పైన, ఒక రోజు గడిచాక కూడా పదిహేనో ఇరవయ్యో. దాన్ని చల్లారుస్తూనే ఉండాలి. ఫుకుషిమాలో కరెంటు పోయి చల్లార్చలేకపోయారు.”

“మరిక్కడా?”

“ఈ రియాక్టర్‌కి పైకప్పు మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంటుంది. కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి పెట్టకపోయినా 72 గంటలు అదే చల్లారుస్తుంది.”

చిన్నాన్న వేళ్ళు మడిచాడు. “మూడ్రోజులు. నాలుగో రోజో?”

“పక్కన ఇంకో ట్యాంకు ఉంటుంది, చిన్న పంపుతో ఎక్కిస్తారు. ఏడు రోజుల దాకా సరిపోతుంది.”

“హుద్‌హుద్‌కి మనూరికి కరెంటు ఎన్నో రోజున ఒచ్చినాదో గేపకం ఉందేటి నీకు?”

నేను అప్పుడు ఊళ్ళో లేను. పిన్ని చెప్పింది, తొమ్మిదో రోజున. తిత్లీకి ఉద్దానంలో తన పుట్టింటికి ఇంకా ఎక్కువ పట్టిందట.

“ఎనిమిదో రోజు నీళ్ళెవులు తెస్తారు? ఏ దారంట తెస్తారు? హైవే మీద సెట్లే గదా, ఎటు సూసినా,” అన్నాడు చిన్నాన్న. వేళాకోళంగా కాదు. ముందు రోజు గొంతు కాదది.

దానికి ఏదో ఏర్పాటు ఉండే ఉంటుంది, ప్లాంటు నడిపేవాళ్ళు ఆలోచించకుండా ఉండరు, అని చెప్పబోయి ఆగాను. ఉండే ఉంటుందన్నది నా లెక్క కాదు. జినాన్ నుంచి పైకి నేను కట్టిన మెట్లలో ఏ మెట్టులోనూ రణస్థలం రోడ్డు లేదు.

పిన్ని లోపల్నుంచి ఎవరిదో పెళ్ళి శుభలేఖ తెచ్చి, వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పి ఇచ్చింది. బాంబులా పేలదని ఒక లైను రాశాను. దాని కింద, ఎనిమిదో రోజు నీళ్ళు ఎవరు తెస్తారు, ఏ దారిన తెస్తారు, ఆ దారిలో చెట్లు పడితే ఎన్ని గంటల్లో తీస్తారు, ఇది ఎప్పుడైనా చేసి చూశారా, అని రాశాను. ప్రజాభిప్రాయ సేకరణ మళ్ళీ ఎప్పుడు పెట్టినా ఇది చదివి వినిపించమన్నాను.

“కింద పేరెట్టు అమ్మీ.”

“పై లైనుకి నా పేరు పెడతాను. కిందవి అడిగింది నువ్వు కదా.”

కళ్ళజోడు వెతుక్కుని, రెండుసార్లు చదువుకుని, సంతకం పెట్టి, పట్టాదారు పాసుపుస్తకంలో మడిచి పెట్టుకున్నాడు.